గేరు పడట్లేదంటే క్లచ్ ప్లేటు పోయినట్టేనా?

కార్లున్నవాళ్ల గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. క్లచ్ పెడల్ ఒక్కసారి తొక్కి చూస్తే ప్లేటు సంగతి మీకే తెలిసిపోతుందని అందులో మొదటి వాక్యం. నాకే ముగ్గురు పంపారు. వాళ్లలో ఒకాయన అది చదివి గేరుబాక్స్ దింపించడానికి రోజు కూడా ఖాయం చేసుకున్నాడు.

అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. పెడల్ బాగా పైకి వచ్చాక బండి కదిలితే ప్లేటు అరిగిపోయింది, అడుగునే కదిలితే ప్లేటు కొత్తదానిలా ఉంది. గేర్లు గరగరమంటే ప్లేటు మార్చాల్సిందే. హ్యాండ్‌బ్రేక్ వేసి మూడో గేరులో క్లచ్ వదిలినప్పుడు ఇంజిన్ ఆగిపోతే క్లచ్‌కు ఏ లోటూ లేదు. పెడల్ రెండు మూడుసార్లు గబగబా కొడితే గేరు పడుతుంటే కంగారు అక్కర్లేదు. క్లచ్ ఆయిల్ ఉండే డబ్బాలో ఆయిల్ తగ్గితే ఏదో ఒకటి పోసుకోవచ్చు. క్లచ్ తొక్కినప్పుడు శబ్దం వస్తే గేరుబాక్స్ బేరింగ్ పోయినట్టు. చివరగా, ప్లేటు మార్చేటప్పుడు మిగతావి ముట్టుకోవద్దు, దండగ.

పచ్చి అబద్ధాలైతే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. వీటిలో చాలావాటికి సగం నిజం అంటుకుని ఉంది, అందుకే ఇంతమందికి చేరింది.

ముందు లోపల జరిగేది రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. ఇంజిన్ వైపు ఫ్లైవీల్, దాని మీద ప్రెషర్ ప్లేటు, రెండింటి మధ్యలో ఇరుక్కుని క్లచ్ ప్లేటు. దాన్ని నొక్కిపట్టేది డయాఫ్రమ్ స్ప్రింగ్. మనం పెడల్ తొక్కితే కేబులో, పైపులోని ఆయిలో ఆ కదలికను మోసుకెళ్లి బేరింగ్‌ను తోస్తుంది. బేరింగ్ స్ప్రింగ్ వేళ్లను నొక్కితే ప్లేటు వదులవుతుంది. అంటే క్లచ్‌కు రెండు వేర్వేరు జబ్బులు రావచ్చు. పట్టాల్సినప్పుడు గట్టిగా పట్టకపోవడం ఒకటి, దాన్ని స్లిప్ అంటారు. వదలాల్సినప్పుడు పూర్తిగా వదలకపోవడం రెండోది, అది డ్రాగ్. అరిగిన ప్లేటు సాధారణంగా తెచ్చేది మొదటిది. గేరు పడకపోవడం రెండోదాని లక్షణం. మెసేజ్ రాసినాయన ఈ రెంటినీ ఒకే మూటలో కట్టేశాడు.

"పైన పట్టుకుంటే అరిగింది, కింద పట్టుకుంటే కొత్తది"

మొదటి సగం కేబుల్ క్లచ్ ఉన్న బండ్లకు చాలావరకు నిజం. ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, స్ప్రింగ్ వేళ్లు బేరింగ్ వైపు లేస్తాయి. కేబుల్‌లో ఉన్న ప్లే, అంటే వదులు, తగ్గుతూ వస్తుంది, పెడల్ పైపైకి వచ్చాక గానీ బండి కదలదు. కేబుల్‌ను ఎప్పటికప్పుడు సరిచేసే ఆటో అడ్జస్టర్ ఉంటే ఈ తేడా కూడా కాలికి తెలియకపోవచ్చు.

ఇక హైడ్రాలిక్ క్లచ్, అంటే కేబుల్ బదులు ఆయిల్‌తో పనిచేసేదాని సంగతి. ఇప్పుడు రోడ్డు మీదున్న కార్లలో చాలావాటికి ఇదే. ఇందులో ప్లేటు అరిగితే వేళ్లు లేచి, బేరింగ్ వైపున్న స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను వెనక్కి నెడతాయి. అక్కడి ఆయిల్ పైపు ద్వారా పెడల్ వైపున్న మాస్టర్ సిలిండర్‌కు, అక్కడినుంచి చిన్న రంధ్రం గుండా డబ్బాలోకి తిరిగి వెళ్లిపోతుంది. లెక్క దానంతట అదే సర్దుకుంటుంది. పెడల్ పట్టుకునే చోటు పెద్దగా మారదు. కాబట్టి ప్లేటు మీది లైనింగ్ (రాపిడి పొర) దాన్ని పట్టే రివెట్ల దాకా అరిగినా పెడల్ మామూలుగానే ఉండవచ్చు. 'మన బండి ఇంకా మధ్యలోనే పట్టుకుంటోంది' అని ధీమాగా ఉన్నవాళ్లకు ఏదో ఒక ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ గోల పెరిగి బండి కదలనప్పుడు గానీ విషయం తెలియదు. ఇలాంటి బండ్లలో అరుగుదలను పట్టిచ్చే గుర్తు వేరొకటి ఉంది. పెడల్ నెలల తరబడి నెమ్మదిగా బరువెక్కుతుంది. మామూలు డయాఫ్రమ్ క్లచ్‌లో ప్లేటు పలచబడేకొద్దీ స్ప్రింగ్‌ను నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. రోజూ నడిపేవాళ్ల కాలికి అలవాటైపోయి ఇది తెలియదు. ఎప్పుడో ఒకసారి నడిపేవాళ్లు ఎక్కగానే 'ఇదేంటి, ఇంత గట్టిగా ఉంది' అంటారు. వాళ్ల మాట కొట్టిపారేయకండి. కేబుల్ బండిలో మాత్రం బరువుకు ముందు కేబుల్‌నే అనుమానించాలి. లోపల పోగులు తెగుతున్నా, ఎండిపోయినా అలాగే బిగుస్తుంది.

రెండో సగమే ప్రమాదం. పెడల్ దాదాపు నేలకు తగిలాక, అక్కడినుంచి కొంచెం లేవగానే బండి కదులుతోందంటే ప్లేటు కొత్తదని సంబరపడటానికి ఏమీ లేదు. తొక్కిన తొక్కుడు లోపలికి పూర్తిగా చేరడం లేదని దానర్థం. కొలతలు చూడండి. కాలు కదిలేది ఇంచుమించు 130 నుంచి 150 మిల్లీమీటర్లు. బేరింగ్ కదిలేది దాదాపు 8 నుంచి 10. ప్రెషర్ ప్లేటు వెనక్కి జరిగేది ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లే. ఆ కాస్త సందు కూడా ప్లేటుకు రెండు వైపులా పంచుకోవాలి. అంటే ఒక్కో ముఖానికి మిగిలేది అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. పెడల్ దగ్గర రెండు సెంటీమీటర్లు పోతే ఆ సందులో ఏం మిగులుతుందో ఊహించుకోవచ్చు.

ఆ రెండు సెంటీమీటర్లు పోవడానికి పెద్ద లోపమే ఉండాలని కూడా లేదు. ఫ్యాక్టరీ మ్యాట్ మీద మందపాటి రబ్బరు మ్యాట్, దాని మీద ఇంకొకటి పరుస్తారు. పెడల్ నేలకు తగిలిందనుకుంటాం, తగిలింది మ్యాట్‌కు. ఇంత చిన్నదానికి గేరుబాక్స్ దించాల్సి వస్తుందా అని నవ్వొస్తుంది గానీ, నేను మొదట చేసే పని మ్యాట్లు తీసి చూడటమే.

పెడల్ మధ్యలోనే పట్టుకోవాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. ఒక్కో బండికి ఒక్కో చోటు. మీ బండికి ఆర్నెల్ల కింద ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది అన్నదే పనికొచ్చే సమాచారం. నెమ్మదిగా మారిందా, రాత్రికి రాత్రి మారిందా అన్నది అంతకన్నా విలువైనది. అరుగుదల రాత్రికి రాత్రి జరగదు.

"గేర్లు గరగరమంటే ప్లేటు మార్చాల్సిందే"

నా మిత్రుడికి ఈ మాట చాలా ఖరీదు పడింది. బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండేది. అరగంట నడిచాక మొదటి గేరు పడేది కాదు, రివర్స్ అయితే గర్రుమనేది. మెకానిక్ ప్లేటు అన్నాడు, గేరుబాక్స్ దించాడు, మొత్తం సెట్టు కొత్తది వేశాడు. రెండు వారాలకు జబ్బు మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి నేను డ్రైవర్ సీటు వెనక్కి నెట్టి, వెల్లకిలా పడుకుని, టార్చి పట్టుకుని పెడల్ పైభాగం చూశాను. మాస్టర్ సిలిండర్ రాడ్డు లోపలికి వెళ్లేచోట రబ్బరు తొడుగు అంచున వేలు పెడితే తడి. నీళ్లలా పలచగా, జారుడుగా ఉంది. ఆ చుక్కలు పడినచోట పెడల్ బ్రాకెట్ రంగు పొరలుగా లేచిపోయింది. కార్పెట్ ఎత్తితే కింద ఫోమ్ చెమ్మగిల్లి ఉంది. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది, ఇంజిన్ ఆయిల్ అలా చేయదు. లోపలి సీలు పోయి, వేడెక్కి మెత్తబడినకొద్దీ ఒత్తిడి జారిపోతోంది. మాస్టర్ సిలిండర్ మార్చి, పైపులో చేరిన గాలి (ఎయిర్) తీశాక గేర్లు వెన్నలా పడ్డాయి. మొదట తీసేసిన పాత ప్లేటు ఆయన డిక్కీలోనే ఉంది. రివెట్ల తలలు ఇంకా లోతులో ఉన్నాయి, దానికి చాలా ఆయుష్షు మిగిలే ఉంది.

గేరు పడనప్పుడు మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు హాయిగా పడుతూ, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ వదలడం లేదు. ఆపినప్పుడు కూడా బిగుసుకుంటే గేరు లివర్ కేబుళ్లు, లింకేజీ, గేరుబాక్స్ వైపు చూడాలి. బండి నడుస్తుండగా రెండో గేరో, మూడో గేరో ఒక్కటే గరగరమని మిగతావన్నీ బాగుంటే అది ఆ గేరు సింక్రోనైజర్ (గేరు పడేముందు వేగాలను కలిపే భాగం) అరుగుదల. అన్నింటికీ ఒకటే క్లచ్ కాబట్టి క్లచ్ తప్పయితే బాధ అన్ని గేర్లకూ ఎంతో కొంత ఉండాలి.

రివర్స్‌ను మాత్రం తొందరపడి నమ్మొద్దు. చాలా గేరుబాక్సుల్లో రివర్స్‌కు సింక్రోనైజర్ ఉండదు. క్లచ్ తొక్కీ తొక్కగానే వేస్తే లోపలి షాఫ్ట్ ఇంకా తిరుగుతూ ఉంటుంది కాబట్టి గర్రుమంటుంది, అది జబ్బు కాదు. సరిగ్గా చూడాలంటే ఇలా చేయండి. చదునైన చోట, కాలి బ్రేక్ మీద, ఇంజిన్ ఐడిల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి మొదటి గేరు వేయండి. అప్పుడు షాఫ్ట్ ఆగిపోతుంది. క్లచ్ వదలకుండానే న్యూట్రల్‌కు తెచ్చి ఏడెనిమిది సెకన్లు ఆగి రివర్స్ వేయండి. ఇప్పుడు కూడా గర్రుమంటే, మీరు తొక్కిపట్టి ఉండగానే ప్లేటు మళ్లీ షాఫ్ట్‌ను తిప్పుతోందన్నమాట. డ్రాగ్ ఉన్నట్టు తేలిపోయింది.

తర్వాతి ప్రశ్న, లోపం బయటా లోపలా? స్లేవ్ సిలిండర్ బయట బిగించి ఉన్న బండి అయితే దీనికి జవాబు చాలా తేలిక. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ నిండా తొక్కుతుంటే ఇంకొకరు స్లేవ్ రాడ్డు ఎంత జరుగుతుందో స్కేలుతో కొలవాలి. ఎంత జరగాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. అంత జరగకపోతే లోపం పెడల్‌కూ ఆ రాడ్డుకూ మధ్యలో ఉంది. మాస్టర్ సీలు, స్లేవ్ సీలు, పైపులో గాలి, తొక్కినప్పుడు బుడగలా ఉబ్బే పాత రబ్బరు హోసు, పెడల్ బ్రాకెట్‌లో పగులు, వీటిలో ఏదో ఒకటి. గేరుబాక్స్ దించే పని లేదు. రాడ్డు పూర్తిగా జరుగుతున్నా క్లచ్ వదలకపోతే అప్పుడు లోపం లోపల. వంగిన ప్లేటు, తుప్పు పట్టి షాఫ్ట్ మీద జారని ప్లేటు, వంగిన ఫోర్కు (బేరింగ్‌ను తోసే చేయి), విరిగిన స్ప్రింగ్ వేలు, బిగుసుకున్న పైలట్ బేరింగ్ (షాఫ్ట్ కొనను పట్టేది). నెలల తరబడి తేమలో కదలకుండా నిలిపిన బండిలో ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోవడమూ ఉంది. ఇక్కడ మెసేజ్ చెప్పినట్టే గేరుబాక్స్ దించక తప్పదు, ఒప్పుకుంటాను. కాకపోతే అది చివరి మెట్టు.

స్లేవ్ గేరుబాక్స్ లోపలే, బేరింగ్‌తో కలిసి ఉండే బండ్లలో ఈ స్కేలు పరీక్ష కుదరదు. అక్కడ పెడల్ తీరు, డబ్బాలో మట్టం, ఇంజిన్‌కూ గేరుబాక్స్‌కూ మధ్య అతుకు దగ్గర కింద తడి, ఇవే ఆధారాలు. ఆ తడి రంగును తినే పలచని ద్రవమా, నల్లటి ఇంజిన్ ఆయిలా, గంధకం వాసనేసే గేర్ ఆయిలా అన్నది వేళ్ల మధ్య రుద్ది చూస్తే చాలావరకు తెలుస్తుంది.

"హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలితే ఇంజిన్ ఆగింది, క్లచ్ భేష్"

ఇంజిన్ ఆగకపోతే క్లచ్ చచ్చిపోయిందని చెప్పొచ్చు, అంతవరకు ఈ పరీక్ష నిజమే. ఆగిపోతే మాత్రం ఏమీ రుజువు కాదు. ఐడిల్‌లో ఇంజిన్ ఇచ్చే టార్క్ (తిప్పే బలం) చాలా తక్కువ, అరిగిన క్లచ్ కూడా దాన్ని పట్టుకోగలదు. స్లిప్ మొదట బయటపడేది ఇంజిన్ గరిష్ఠ టార్క్ ఇచ్చేచోట, పెద్ద గేరులో, బరువు మీద. ఖాళీ రోడ్డు మీద నాలుగు లేదా ఐదో గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు, వేగం కలిసి నెమ్మదిగా పెరగాలి. ముల్లు ఒక్కసారిగా ఎగిరి వేగం అక్కడే ఉంటే స్లిప్. ఎత్తు మీద అయితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒకటి రెండుసార్లు చూస్తే చాలు. తనివితీరా చేస్తే ఉన్న ప్లేటు కాస్తా కాలుతుంది.

ఇంకో మాట. ఈ హ్యాండ్‌బ్రేక్ పరీక్ష డ్రాగ్ గురించి ఏమీ చెప్పదు. గేర్లు పడక ఏడుస్తున్న బండి కూడా ఇందులో ఫస్ట్ క్లాసులో పాసవుతుంది.

స్లిప్ ఉందని తేలినా నేరుగా ప్లేటు దగ్గరికి పరుగెత్తకండి. కేబుల్ అతిగా బిగిస్తే బేరింగ్ ఎప్పుడూ వేళ్లను నొక్కుతూ ఉంటుంది, ప్లేటు పూర్తిగా పట్టదు. హైడ్రాలిక్‌లో దీనికి కవల సోదరుడిలాంటి లోపం ఒకటుంది. మాస్టర్ సిలిండర్ రాడ్డుకు ఉండాల్సిన కొద్దిపాటి ప్లే ఎవరో బిగించి తీసేస్తే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. నేను పైన చెప్పిన చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తే డబ్బాలోకి పోయే దారి లేదు, దాంతో ఆ ఒత్తిడి క్లచ్‌ను తనే కొద్దికొద్దిగా తొక్కుతుంది. ఉదయం బాగుండి, వేడెక్కాక స్లిప్ అయ్యి, చల్లారాక మళ్లీ బాగుపడే బండి కనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకోండి. క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు కారి ప్లేటు మీద ఆయిల్ పడటం మరో కారణం. అప్పుడు ప్లేటు మార్చి సీలు వదిలేస్తే కొత్త ప్లేటూ తడిసిపోతుంది.

"పెడల్ కొడితే గేరు పడుతోందిగా, కంగారెందుకు"

కంగారు అక్కర్లేదు, కానీ అది వదిలేయమనడానికి కారణం కాదు. కొడితే బాగవుతోందంటే లోపం హైడ్రాలిక్స్‌లో ఉందని బండి తనే చెప్తోంది. కొట్టిన ప్రతిసారీ మాస్టర్ కాస్త ఆయిల్ ముందుకు తోసి, గాలి మింగిన చోటునో, సీలు దగ్గర జారినదాన్నో తాత్కాలికంగా నింపుతోంది. గాలా, సీలా అన్నది తేల్చడానికి చదునైన చోట కాలి బ్రేక్ గట్టిగా నొక్కి, మొదటి గేరులో క్లచ్ తొక్కిపట్టి ఒక నిమిషం ఉండండి. మొదట బాగుండి, తర్వాత పెడల్ మెల్లగా దిగుతూ బండి ముందుకు గుంజుతుంటే ఒత్తిడి ఎక్కడో జారుతోంది. మొదటినుంచీ స్పాంజిలా మెత్తగా ఉండి, నిమిషం తర్వాత కూడా అలాగే ఉంటే గాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి ముందుకు పాకిందంటే అది మొదటి రకం. ముందు మనిషి ఉంటే ఎలాగో ఆలోచించండి.

ఎయిర్ తీసేటప్పుడు నిపిల్ (గాలి బయటికి వదిలే చిన్న మర) మూశాకే పెడల్ వదలాలి, లేకపోతే తీసిన గాలి మళ్లీ లోపలికే పోతుంది. ఎయిర్ తీసిన వారానికే మళ్లీ గాలి చేరితే ఇంకోసారి తీయడం వృథా, ఎక్కడో దారి ఉంది.

"ఏ ఆయిలైనా ఒకటే"

మొత్తం మెసేజ్‌లో నాకు కోపం తెప్పించింది ఇదొక్కటే. మనం ఆయిల్ అంటాం గానీ క్లచ్‌లో పోసే బ్రేక్ ద్రవం చాలా బండ్లలో గ్లైకాల్ రకం, డాట్ 3 లేదా డాట్ 4 అనే గ్రేడు. లోపలి రబ్బరు సీళ్లు దానికి తగ్గట్టు తయారైనవి. ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోస్తే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పైగా చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకులకూ డబ్బా ఒకటే. క్లచ్ కోసం పోసినది బ్రేకులకూ వెళ్తుంది. పొరపాటున పోసినవాళ్లు బండి కదపకుండా మెకానిక్‌ను పిలవాలి. కొన్ని బండ్లకు మినరల్ ఆయిలే వాడాలి, అది మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 5 అంటే సిలికాన్, దాన్ని డాట్ 4లో కలపకూడదు. డాట్ 5.1 పేరు చూసి అదే అనుకుంటారు, కానీ అది గ్లైకాల్ రకమే.

ఆ ఉమ్మడి డబ్బాలో క్లచ్ పైపును సాధారణంగా కాస్త పైన తగిలిస్తారు, క్లచ్ లీకైనా బ్రేకులకు ఆయిల్ మిగలాలని. దాంతో మట్టం తగ్గినప్పుడు ముందు గాలి మింగేది క్లచ్. పెడల్ హఠాత్తుగా మెత్తబడితే లీకు బ్రేకుల వైపు కూడా ఉండొచ్చు. ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది, అది మామూలే. కాబట్టి పోసి మూత పెట్టేయకుండా ఎందుకు తగ్గిందో చూడాలి. గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 4 ప్రమాణం ప్రకారం తాజా ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఆ తేమే సిలిండర్ గోడలకు తుప్పు పట్టించి సీళ్లను కొరికేస్తుంది.

"తొక్కితే శబ్దం వస్తే గేరుబాక్స్"

సరిగ్గా తిరగేసి చెప్పాడు. న్యూట్రల్‌లో ఐడిల్ అవుతున్నప్పుడు వచ్చే గుర్రుమనే శబ్దం క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేరుబాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ను అనుమానించాలి. మామూలుగా నిశ్శబ్దంగా ఉండి, తొక్కినప్పుడు శబ్దం మొదలైతే క్లచ్ బేరింగ్‌ను. ఇంజిన్ ఆపి తొక్కినా కిర్రుమంటే పెడల్ ఇరుసో, ఫోర్కు ఆనే చోటో ఎండిపోయి ఉంటుంది.

"ప్లేటు తప్ప ఏదీ ముట్టుకోవద్దు"

పనిలో ఎక్కువ భాగం గేరుబాక్స్ దించి ఎక్కించడమే. దించాక ప్లేటు ఒక్కటే మార్చి పాత బేరింగ్ వదిలేస్తే, ఆ బేరింగ్ పోయిన రోజు మళ్లీ అదంతా చేయాలి. ప్రెషర్ ప్లేటు, బేరింగ్, లోపలే ఉండే స్లేవ్ అయితే అదీ కలిపి మార్చడం మేలు. ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్లు ఉంటే కొత్త ప్లేటు కూడా వణుకుతుంది.

తీసిన పాత ప్లేటును మాత్రం అడిగి తీసుకుని చూడండి. లైనింగ్ ఉపరితలం నుంచి రివెట్ తల దాకా లోతు కొలవాలి. కొన్ని మాన్యువల్స్ 0.3 మిల్లీమీటర్లు, కొన్ని 0.5 మిల్లీమీటర్లు కనీస హద్దుగా పెడతాయి. లోతు బాగా ఉండి, లైనింగ్ పొడిగా ఉండి, కాలిన వాసన లేకపోతే, ఆ ప్లేటును ఎందుకు తీశారని అడగండి.